అరవై ఒకటో పేజీ

2024 నవంబరు 29, శుక్రవారం. ఉదయం పదకొండు ఇరవైకి ఫుక్ యన్ ఎస్టేట్ యువజన కేంద్రంలో నలభై ఒక్క ఫైళ్ళు ముక్కలయ్యాయి. జాబితాలో నలభై రెండు ఉన్నాయి.

ముక్కలు చేసే యంత్రాన్ని లారీలో తెచ్చిన కంపెనీ మనిషి జాబితా మీద వేలు పెట్టాడు.

"ఇంకోటేది?"

"దానికి పేజీలు సరిచూడాలి," అన్నాడు కేంద్రం ఇన్‌చార్జి లుక్ చిన్-పాంగ్. "డిసెంబరు ఇరవయ్యో తారీఖున తీసుకెళ్ళండి."

"ఒక్క ఫైలు కోసం మళ్ళీ లారీ వెయ్యమంటారా సార్?"

"బీరువాల కోసం ఎలాగూ వస్తారు కదయ్యా."

అతను సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అంతసేపూ సీటో వాయ్-ఫన్ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. నలభై రెండో ఫైలు ఆమె ఒళ్ళో ఉంది.

ఆమెకి యాభై నాలుగేళ్ళు. ఈ కేంద్రంలో సోషల్ వర్కర్‌గా ఇరవై ఆరేళ్ళు చేసింది. ఆసుపత్రిలో నర్సుని గౌరవంగా పిలిచే మాటతోనే ఎస్టేట్‌లో అందరూ ఆమెని సీటో గూన్యోంగ్ అని పిలుస్తారు. ఎస్టేట్ అంటే ప్రభుత్వ అద్దె ఇళ్ళు, ఆరు బ్లాకులు. కూల్చి కొత్తవి కడతారని మూడేళ్ళ క్రితం నోటీసు వచ్చింది. నవంబరు చివరికి నాలుగు బ్లాకులు ఖాళీ అయ్యాయి. మూడో బ్లాకు కింది అంతస్తులో ఉన్న కేంద్రం తాళాలు డిసెంబరు 20న గృహనిర్మాణ శాఖకి అప్పగించాలి. ఆ తర్వాత సీటోకి హెడ్ ఆఫీసులో కుర్చీ ఇస్తారు. పిల్లలు రాని చోటు అది.

మూసిన కేసు ఫైలుని ఏడేళ్ళు దాచాలి, ఏడేళ్ళు నిండాక నాశనం చెయ్యాలి. అది సంస్థ నియమం. నలభై రెండో ఫైలు మూసింది 2017 నవంబరు 29న. దాని మీద పేరు పూన్ హోయ్-కేయ్.

*

పూన్ హోయ్-కేయ్‌ని అందరూ ఆ-కేయ్ అనేవాళ్ళు. ఆమె కేసు మొదలైంది 2014 మార్చిలో. అప్పటికి ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు. మూడో బ్లాకు తొమ్మిదో అంతస్తులో నాయనమ్మ దగ్గర ఉండేది. తండ్రి సరిహద్దు అవతలికి లారీ తోలేవాడు. అవతలే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఆ-కేయ్ ఒక షాపులో మూడు లిప్‌స్టిక్‌లు జేబులో వేసుకుని దొరికింది. పోలీసులు మందలించి వదిలేశారు. పేరు కేంద్రానికి పంపారు.

సీటో వెళ్ళేసరికి ఫుట్‌బాల్ గ్రౌండు మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. బడి వేళ.

"ఏంటి, నన్ను బాగుచెయ్యడానికి వచ్చావా?" అంది తల ఎత్తకుండా.

"లేదు. మెట్ల మీద చోటుందేమోనని వచ్చా."

"ఇక్కడ చోటుకి అద్దె ఉంది."

"ఎంత?"

"ఒక లెమన్ టీ. ఐసు తక్కువ."

సీటో వెళ్ళి రెండు లెమన్ టీలు తెచ్చింది. ఒకదానిలో ఐసు ఎక్కువైందని ఆ-కేయ్ తిట్టింది. తిడుతూనే తాగింది. ఫైల్లో మొదటి పేజీ మీద, "నలభై నిమిషాలు మాట్లాడింది. ముప్ఫై ఐదు నిమిషాలు ఐసు గురించి," అని ఉంది.

కేంద్రంలో ఒక పొయ్యి ఉండేది, బన్నులు కాల్చేది. శనివారాలు పిల్లలు దాని చుట్టూ చేరేవాళ్ళు. పైనాపిల్ బన్ను చేసేటప్పుడు పైన వేసిన పంచదార పిండిని కత్తితో రెండువైపులా గీస్తారు, గళ్ళు పడేలా. ఆ-కేయ్ మొదటిసారి ఒకవైపే గీసి పొయ్యిలో పెట్టేసింది.

"గళ్ళు ఏవే?" అంది సీటో.

"గళ్ళెందుకు? జైలు కిటికీలా."

"మరి ఇదేంటి?"

"దువ్వెన. నీక్కావాలి, ఆ జుట్టు చూసుకో ఒకసారి."

తర్వాత మూడేళ్ళు ఆ పిల్ల చేసిన ప్రతి బన్ను మీదా గీతలు ఒకవైపే ఉన్నాయి. బడి మానేసింది, మళ్ళీ చేరింది, మళ్ళీ మానేసింది. పదిహేడేళ్ళకి ఒక బేకరీలో పనికి కుదిరింది. ఆరు నెలలు ఒక్క రోజు మానలేదు. ఆ సెప్టెంబరులో నాయనమ్మ చనిపోయింది. ఇల్లు అప్పగించి బేకరీ వాళ్ళు చూపించిన గదిలోకి మారింది. కేసు మూయవచ్చని సమీక్షలో అన్నారు. సీటో కాదనడానికి కాగితం మీద కారణం లేదు.

ముగింపు సమావేశం నవంబరు 29, బుధవారం మధ్యాహ్నం జరిగింది. ఆ-కేయ్ ఫారం మొత్తం చదివింది.

"అయితే ఇక నేను రాకూడదా?"

"నువ్వు రావచ్చు. నేను రాకూడదు."

"అంటే?"

"రోడ్డు మీద కనబడితే నేను ముందు పలకరించను. నీ పక్కన ఎవరుంటారో, నా గురించి వాళ్ళకి ఏం చెప్పుకుంటావో నాకు తెలీదు. నువ్వు పలకరిస్తే పలుకుతా. లేకపోతే ఎవరో అనుకుని వెళ్ళిపోతా. నీ గురించి ఎవర్నీ అడగను కూడా."

"ఇదేం రూలు! దెయ్యాలకి పెట్టినట్టు. పిలిస్తేనే రావాలి."

"నీ కోసమే ఈ రూలు."

"మరి నీ కోసం ఏం రూలుంది?"

"సంతకం పెట్టు," అంది సీటో.

ఆ ఏడాది వేసవిలో కేంద్రంలో ఇరవై ముగ్గురు పిల్లలు ఇరవై అయిదేళ్ళ వయసులో తాము చదువుకోవడానికి ఉత్తరాలు రాసుకున్నారు. అప్పుడు ఆ-కేయ్ రాయనంది. ఇప్పుడు ఒక కాగితం అడిగింది. బల్ల చివరికి జరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని అరగంట రాసింది. కవర్లో పెట్టి అంటించింది.

"ఇరవై అయిదు నిండిన రోజు నేనే వచ్చి తీసుకుంటా. ఎవరూ చదవకూడదు. నువ్వు కూడా."

"చదవను."

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల వెళ్ళాక సీటో ఒక పొరపాటు చేసింది. ఆ ఇరవై మూడు ఉత్తరాలూ కార్యక్రమాల అలమరలో, బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. దీన్నీ అందులో వెయ్యాలి. కానీ బల్ల మీద ఆ-కేయ్ ఫైలు తెరిచి ఉంది, పక్కన రంధ్రాలు చేసే మిషను ఉంది. పంతొమ్మిదేళ్ళుగా బల్ల మీదకి వచ్చిన ప్రతి కాగితానికీ ఏం చేసిందో దీనికీ అదే చేసింది. కవరు మూలకి రెండు రంధ్రాలు పెట్టి, ఫైలుకి గుచ్చి, పైన 61 అని నంబరు వేసింది. కిందనే సంతకం చేసి ఫైలు మూసింది.

డబ్బాలో ఉన్నది ఎవరి ఉత్తరం వాళ్ళది. ఎప్పుడైనా ఇవ్వచ్చు, పోస్టు చెయ్యచ్చు. ఫైల్లో నంబరు పడ్డది సంస్థ రికార్డు. ఆ మనిషి రాతపూర్వకంగా అడిగితే తప్ప ఒక్క పేజీ బయటికి పోకూడదు.

ఆరు నెలల తర్వాత ఒక్క ఫోను చెయ్యడానికి నియమం ఒప్పుకుంటుంది. 2018 మే 30న సీటో చేసింది. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఆ సంగతి ముగింపు ఫారం వెనక రాసింది. ఆ తర్వాత ఫైల్లో రాయడానికి ఏమీ లేకపోయింది.

2019లో పొయ్యి పాడైంది. పారేయమని హెడ్ ఆఫీసు రెండుసార్లు రాసింది. సీటో పారేయలేదు. బిస్కట్ల డబ్బాలోని ఉత్తరాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఆఖరిది ఈ ఆగస్టులో ఒక బస్సు డ్రైవరు వచ్చి పట్టుకెళ్ళాడు.

*

నాశనం చెయ్యాల్సిన ఫైళ్ళ జాబితా నవంబరు 27న వచ్చింది. సీటో దాన్ని లుక్ బల్ల మీద పెట్టి, ఒక వరస కింద గోటితో గీసింది.

"ఈ అమ్మాయికి డిసెంబరు పద్దెనిమిదికి ఇరవై అయిదు నిండుతాయి. లోపల తన ఉత్తరం ఉంది."

లుక్‌కి ముప్ఫై ఎనిమిది. పదకొండేళ్ళ క్రితం సీటో కిందే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఒక పిల్లాడు గీసిన బొమ్మని ఫైల్లోంచి తీసి వాళ్ళమ్మకి ఇచ్చాడు. సీటో అతని చేత రెండు పేజీల సంజాయిషీ రాయించింది.

"అయితే తీసెయ్యండి గూన్యోంగ్," అన్నాడు లుక్. "నేను చూడలేదనుకుంటా."

"తీసి?"

"దాచుకోండి. వచ్చినప్పుడు ఇవ్వండి."

"ఎక్కడికొస్తుంది? కూలిపోయిన బ్లాకుకా? ఇంకో సంగతి, నీ చేత రెండు పేజీలు రాయించాను నేను."

"రెండున్నర. ఇంకా గుర్తుంది నాకు."

"కాబట్టి తియ్యను."

"పోనీ ఎక్కడుందో కనుక్కుంటే?"

"ఎవర్ని అడగను? నేను ఈ ఎస్టేట్‌లో ఎవరి గురించి అడిగినా, ఆ పిల్ల నా దగ్గరికి వచ్చేదని చెప్పినట్టే."

లుక్ జాబితాని తన వైపు తిప్పుకున్నాడు. నలభై రెండో వరస పక్కన, "పేజీల సంఖ్య సరిచూడాలి," అని రాశాడు.

"దీనికి మూడు వారాల గడువుంటుంది. ఒక్కసారే. ఇరవయ్యో తారీఖున తాళాలతో పాటు ఇదీ పోవాల్సిందే."

"పేజీలు సరిగ్గానే ఉన్నాయి."

"మీకు తెలుసు. నాకింకా తెలీదు కదా," అన్నాడు లుక్.

*

డిసెంబరు 5, గురువారం ఉదయం లియూంగ్ మామ్మ కేంద్రానికి వచ్చింది. అయిదో బ్లాకులో నలభై ఏళ్ళున్న మనిషి. అక్టోబరులో త్సున్ వాన్ వైపు కొత్త ఇంటికి మార్చారు. అయినా రెండు రోజులకోసారి బస్సెక్కి పాత చోటికి వచ్చి కూర్చుంటుంది.

"కొత్త ఇల్లు ఎలా ఉంది మామ్మా?"

"గోడలు తెల్లగా ఉన్నాయి. మాట్లాడ్డానికి ఆ గోడలే ఉన్నాయి. ఇదిగో, తినండి. మా వీధి చివర బేకరీలో కొన్నా. అక్కడి వాళ్ళకి గీతలు గియ్యడం కూడా రాదు కానీ రుచి బావుంది."

సంచిలో మూడు పైనాపిల్ బన్నులున్నాయి. మూడింటి మీదా గీతలు ఒకవైపే ఉన్నాయి.

సీటో ఒక బన్ను చేతిలోకి తీసుకుంది. తినలేదు.

"ఏంటమ్మా, నిన్నటివనుకుంటున్నారా? పొద్దున్నే కొన్నా."

"లేదు మామ్మా. ఏ బేకరీ అన్నారు?"

మామ్మ చెప్పింది.

మర్నాటి నుంచి సీటో భోజనం వేళ బస్సెక్కి ఆ బేకరీకి వెళ్ళింది. బన్నులు కొనుక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శుక్రవారం ఆరు కొంది. శనివారం ఆరు. సోమవారం అయిదు. బల్ల వెనక యజమానురాలే ఉంది. పొయ్యి లోపలెక్కడో ఉంది. లోపలి నుంచి పళ్ళేల చప్పుడు వచ్చేది, మనిషి వచ్చేది కాదు.

"గూన్యోంగ్, మనం ఇద్దరం ఉన్నాం," అన్నాడు లుక్ సోమవారం సాయంత్రం. "ఈ బన్నులన్నీ ఎవరికి?"

"తిను."

"మూడు రోజులుగా తింటున్నా. మా ఆవిడ నా సంచి చూసి బేకరీలో చేరావా అని అడిగింది."

మంగళవారం, డిసెంబరు 10, ఒంటిగంటా ఇరవైకి ఆ-కేయ్ లోపలి నుంచి పళ్ళెం పట్టుకుని వచ్చింది.

జుట్టు టోపీ కింద ఉంది. ముంజేతి మీద కాలిన మచ్చలున్నాయి, పొయ్యి పని చేసేవాళ్ళకి ఉండేలాంటివి. పళ్ళెం అద్దాల అలమరలో దించింది. తల ఎత్తింది. సీటో అలమరకి ఇవతల ఉంది. మధ్యలో బన్నుల వరస ఉంది.

సీటో చూపు బన్నుల మీదకి దించుకుంది.

"అయిదేనా ఇవాళ కూడా?" అంది యజమానురాలు. అరవై దాటిన మనిషి. "రోజూ వస్తున్నారు. ఈ పక్కకి కొత్తగా వచ్చారా?"

"లేదండీ. ఫుక్ యన్ యువజన కేంద్రంలో పని చేస్తాను."

"ఫుక్ యన్ నుంచి బన్నుల కోసం ఇంత దూరమా! మా కోడలు కాబోయేది అక్కడి పిల్లే. జనవరిలో పెళ్ళి. ఇదిగో, ఈ అమ్మాయే. ఆ-కేయ్, ఈవిడ నీకు తెలుసా?"

ఆ-కేయ్ పళ్ళెంలో ఖాళీ కాగితాలు సర్దుతోంది.

"చాలా పెద్ద ఎస్టేట్ కదా అత్తా," అంది. "ఎంతమందో."

"అవును. నాలుగు వేల గడపలు," అంది సీటో. "నాకే అందరూ తెలీదు."

"మీరు చేసే పనేంటి? టీచరా?"

"సోషల్ వర్కర్ని."

"అయ్యో, గూన్యోంగా! మా ఇంటికి గూన్యోంగ్ వచ్చే అవసరం ఎప్పుడూ రాలేదు లెండి. మా అబ్బాయి అలాంటి వాడు కాదు. మీరొక ఇంటి తలుపు కొట్టారంటే ఆ ఇంట్లో ఏదో ఉన్నట్టే కదా. ఏమనుకోకండి."

"అనుకోను. ఇరవై ఆరేళ్ళుగా వింటున్నా ఆ మాట."

"అయితే మీ కేంద్రం ఏమవుతుంది? మొత్తం కూల్చేస్తున్నారటగా?"

సీటో సంచి అందుకుంది. యజమానురాలి వైపే చూస్తూ మాట్లాడింది.

"ఇరవయ్యో తారీఖున తాళాలిచ్చేస్తాం. ఫైళ్ళన్నీ అప్పటికి ముక్కలు చేసెయ్యాలి. పాత పిల్లల కాగితాలు ఏవో ఉంటాయి. కావాలంటే మనిషి రానక్కర్లేదు. ఒక చీటీ మీద పేరు, గుర్తింపు కార్డు నంబరు, సంతకం చాలు. ఎవరు తెచ్చినా ఇచ్చేస్తాం. ఇరవై దాటితే ఇక ఏం చెయ్యలేం."

"పాపం, ఎవరొస్తారు లెండి ఆ కాగితాల కోసం."

"అవును. చాలామంది రారు," అంది సీటో. "ఒక కేకు కూడా కావాలండీ. పద్దెనిమిది, బుధవారానికి."

"ఆ-కేయ్, రాసుకో."

ఆ-కేయ్ ఆర్డర్ల పుస్తకం తెరిచింది. చెవి మీది పెన్సిల్ తీసింది.

"పేరు?"

"సీటో."

"కేకు మీద ఏం రాయాలి?"

"ఇరవై అయిదు. అంకెల్లో."

"పేరు వద్దా?"

"వద్దు."

పెన్సిల్ కాసేపు కాగితం మీద ఆగింది.

"ఎవరికండీ?" అంది యజమానురాలు.

"తెలిసిన పిల్లకి. వస్తుందో రాదో మరి."

"రాకపోతే?"

"మేం తింటాం."

"ఎన్నింటికి?" అంది ఆ-కేయ్. తల ఎత్తలేదు.

"అయిదింటికి. కేంద్రానికే పంపండి. మూడో బ్లాకు, కింది అంతస్తు. తొమ్మిదో అంతస్తు దాకా లిఫ్టు ఆపేశారు, కింది దానికి ఇబ్బంది లేదు."

"మా డెలివరీ చూసే ఫాట్ బాబాయ్ తెస్తాడు," అంది ఆ-కేయ్. చీటీ చింపి ఒక ప్రతి ఇచ్చింది. చీటీ అద్దం మీది నుంచి చేతులు మారింది. వేళ్ళు తగల్లేదు. ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

సీటో బస్సు స్టాపులో రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కింది.

కేంద్రానికి వచ్చాక లుక్‌కి జరిగింది చెప్పింది. పేరు చెప్పలేదు. అతనికి పేరు తెలుసు.

"మీరు మాట్లాడింది యజమానురాలితో," అన్నాడు లుక్. "మాట్లాడింది మన కేంద్రం గురించి. ఇచ్చింది కేకు ఆర్డరు. నాకు తెలిసి కేకు మీద మన నియమాల్లో ఏమీ లేదు."

"గీత దాటానా?"

"నన్నడుగుతున్నారా? నాకు నేర్పింది మీరు."

"అందుకే అడుగుతున్నా."

లుక్ సంచిలోంచి బన్ను తీసుకుని ఒక కొస కొరికాడు.

*

డిసెంబరు 18, బుధవారం. కేంద్రంలో కుర్చీలు రెండే మిగిలాయి. మిగతావి అప్పటికే పంపించేశారు. పొయ్యి ఉన్న చోట గోడ మీద నల్లటి మరక ఉంది. పొయ్యిని సోమవారం పాత ఇనుము వాళ్ళు పట్టుకెళ్ళారు.

నాలుగున్నరకి సీటో తలుపు తీసి పెట్టింది. చలిగా ఉందని లుక్ అన్నాడు. ఆమె ముయ్యలేదు. నాలుగూ యాభైకి తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఆమె లేచింది. మీటరు రీడింగు తీసుకునే మనిషి. తీసుకుని వెళ్ళిపోయాడు.

అయిదూ పదికి ఫాట్ బాబాయ్ వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో కేకు పెట్టె ఉంది. వెనక ఎవరూ లేరు.

"సీటో ఎవరు?"

"నేనే బాబాయ్."

"గట్టిగా చెప్పమ్మా. ఈ చెవి మెషీన్ల పక్కన ముప్ఫై ఏళ్ళుంది, పోయింది. రెండోది దీనికి తోడు పోయింది."

"నేనే సీటో!"

"అయితే ముందే చెప్తున్నా. ఈ కేకు ఇలాగే ఇమ్మన్నారు. దార్లో నేను తినలేదు."

పెట్టె బల్ల మీద పెట్టి మూత తీశాడు. కేకులో ఒక ముక్క లేదు. కత్తితో కోసి తీసిన ముక్క. మిగిలిన దాని మీద 25 అని ఉంది. అంకెల కింద క్రీముతో గీసిన గీతలున్నాయి. అన్నీ ఒకవైపే ఉన్నాయి.

"పొద్దున్నే చేసింది," అన్నాడు ఫాట్ బాబాయ్. "చేసి, ఒక ముక్క కోసుకుని, లోపల ముక్కాలి పీట మీద కూర్చుని తినేసింది. కొన్నవాళ్ళ కేకు కదే అన్నా. తిట్టదులే బాబాయ్, తీసుకెళ్ళు అంది. తిడతారా?"

"తిట్టను."

"ఆఁ?"

సీటో తల అడ్డంగా ఊపింది.

"ఇదొకటిమ్మంది." అతను జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. బేకరీ ఆర్డరు చీటీ. వెనకవైపు పెన్సిల్‌తో రాసి ఉంది. "2017లో నేను ఇచ్చిన కవరు నాకు ఇప్పించండి. ఈ చీటీ తెచ్చినవారికి ఇవ్వండి." కింద పేరు, గుర్తింపు కార్డు నంబరు, సంతకం ఉన్నాయి. తారీఖు ఉంది.

లుక్ ఫైలు తెచ్చాడు. ముగింపు ఫారం మీది సంతకం పక్కన చీటీ పెట్టి రెండూ చూశాడు. ఫైలు దారం విప్పాడు. అరవై ఒకటో పేజీ తీసి సీటో చేతిలో పెట్టాడు. కవరు అంటించినట్టే ఉంది. మూల రెండు రంధ్రాలు ఉన్నాయి.

సీటో దాన్ని రెండువైపులా తిప్పి చూసింది. ఫాట్ బాబాయ్‌కి ఇచ్చింది. అతను రసీదు పుస్తకంలో సంతకం పెట్టాడు. కవరుని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పైన గుండీ పెట్టుకున్నాడు.

"ఎవరికీ చూపించకు అంది. చూపించడానికి నాకెవరున్నారు? ఉన్న వాళ్ళు ఏమన్నా నాకు వినపడదు," అన్నాడు.

అతను తలుపు దాకా వెళ్ళాడు.

"బాబాయ్," అంది సీటో. "ఆ అమ్మాయి ఇంకేమైనా చెప్పిందా?"

అతను నడుస్తూనే ఉన్నాడు.

"బాబాయ్!"

ఈసారి వెనక్కి తిరిగాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటమ్మా?"

సీటో నోరు తెరిచింది. లుక్ కేకు పెట్టె వైపు చూస్తున్నాడు.

"ఏం లేదు," అంది. "గుమ్మం మెట్లు చూసుకుని దిగండి. లైటు పోయింది."

"ఆఁ, లైటు పోయింది," అన్నాడు ఫాట్ బాబాయ్. వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరూ కేకు తిన్నారు. ప్లేట్లు లేవు. మూత చింపి దాని మీద పెట్టుకుని తిన్నారు. కాసేపయ్యాక లుక్ చీటీ వైపు చూపించాడు.

"అది ఫైల్లో పెట్టాలి గూన్యోంగ్. కవరు బయటికి పోయిందానికి ఆధారం."

"తెలుసు."

"ఒక ఫోటో తీసుకోండి. నేనటు తిరుగుతా."

"వద్దు."

"ఒక్క ఫోటో. రెండున్నర పేజీలు రాయమననులెండి."

సీటో సొరుగు లాగింది. అందులో రంధ్రాలు చేసే మిషను ఒక్కటే ఉంది. చీటీ మూలకి రెండు రంధ్రాలు పెట్టింది. ఫైలుకి గుచ్చి, పైన 61 అని రాసింది.

*

డిసెంబరు 20, శుక్రవారం. లారీ తొమ్మిదింటికి వచ్చింది. బీరువాలు ఎక్కించాక కంపెనీ మనిషి జాబితా తెరిచాడు.

"పేజీలు సరిచూశారా సార్?"

"గూన్యోంగ్ చూస్తారు," అన్నాడు లుక్.

సీటో నిలబడే లెక్కపెట్టింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తిప్పింది. చివరి పేజీని అన్నిటి కంటే కాసేపు ఎక్కువ పట్టుకుంది.

"అరవై ఒకటి," అంది.

లుక్ జాబితా మీద సంతకం పెట్టాడు. తొమ్మిదీ నలభైకి నలభై రెండో ఫైలు ముక్కలయింది. పదింటికి గృహనిర్మాణ శాఖ మనిషి వచ్చి తాళాలు తీసుకున్నాడు.